తానీషా పాత్ర: చారిత్రక మూలం, చలనచిత్ర రూపం

చారిత్రక వ్యక్తి కథలో పాత్రగా మారేటప్పుడు సాధారణంగా రెండు మూలాల నుంచి రూపుదిద్దుకుంటాడు. ఒకటి చరిత్ర, రెండోది అంతకు ముందే ప్రేక్షకుల మనసులో స్థిరపడిన కథాసంప్రదాయం. జపాన్‌లో పుట్టి హవాయిలో పెరిగిన స్టాన్ సకాయ్ 1984లో ప్రారంభించిన ‘ఉసాగీ యోజింబో’ బొమ్మల కథలో ఈ రెండు మూలాలూ స్పష్టంగా కనిపిస్తాయి. కుందేలు రూపంలోని సమురాయ్ మియమోతో ఉసాగీకి, 1645లో మరణించిన ఖడ్గవీరుడు మియమోతో ముసాషీ చారిత్రక మూలం. శీర్షికలోని ‘యోజింబో’ అకిరా కురొసావా 1961లో తీసిన చిత్రాన్ని స్ఫురింపజేస్తుంది. అంధ ఖడ్గధారియైన వరాహం జాటో ఇనో, జాటోఇచి చిత్రాల సంతతి. సకాయ్ తన ఆధారాలను దాచడు, పేర్లలోనే ప్రకటిస్తాడు. అందువల్ల ఆ కుందేలే ముసాషీ అని పాఠకుడెవరూ భ్రమపడడు.

రామదాసు కథలోని తానీషా పాత్ర విషయంలో ఈ ఎడం లేదు. ఇక్కడ చారిత్రక వ్యక్తి పేరే పాత్ర పేరు. కాబట్టి కథారూపమే చరిత్రగా చెలామణి అవుతుంది. ఆ రూపం దేనిని నిలుపుకొంది, దేనిని విడిచిపెట్టింది అనేది ఈ వ్యాసంలో పరిశీలనాంశం.

తానీషాగా ప్రసిద్ధుడైన అబుల్ హసన్ కుతుబ్‌షా గోల్కొండ చివరి సుల్తాను. రాజ్యానికి రాకముందు ఆయన సూఫీ గురువు షా రాజు శిష్యుడు. ఆ ముద్దుపేరు కూడా గురువు పెట్టినదేనని చెప్తారు. షా రాజు దర్గా నేటికీ పాతబస్తీలో ఉంది. అదే పేరు హిందీలో ‘తానాషా’గా నియంతకు పర్యాయపదమైంది, తెలుగులో మాత్రం రామదర్శనం పొందిన ధన్యుడిని సూచిస్తుంది. ఒకే పేరుకు రెండు భాషలలో ఇంత వైరుధ్యం ఏర్పడడమే ఈ పాత్ర ఎంతగా కథాధీనమైందో తెలుపుతుంది.

జనశ్రుతిలోని రామదాసు కథ ఒక విచిత్రమైన పాత్రను కోరుతుంది. భద్రాచల ఆలయానికి ప్రభుత్వ ధనం వెచ్చించాడని కంచర్ల గోపన్నను ఖైదు చేసినవాడూ తానీషాయే. ఆరు లక్షల మాడలు చెల్లించడానికి వచ్చిన రామలక్ష్మణులను కన్నులారా చూసినవాడూ తానీషాయే. పన్నెండేళ్లు చెరసాలలో మొరపెట్టుకున్న భక్తుడికి దక్కని దర్శనం, చెరలో పెట్టినవాడికి దక్కింది. ఈ వ్యంగ్యమే కథకు ప్రాణం. అందువల్ల తానీషాను పూర్తిగా దుష్టుడిగా చిత్రించడం కుదరదు, పూర్తిగా నిర్దోషిగా చూపడమూ కుదరదు.

కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ చిత్రంలో నాజర్ ధరించిన తానీషా ఈ సంప్రదాయానికి వారసుడు. అదే చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు కబీరుగా కనిపిస్తారు. కబీరు 15వ శతాబ్దికి చెందినవాడు, గోపన్న 17వ శతాబ్దివాడు. దీనిని కాలదోషమని మాత్రమే అనుకుంటే విమర్శ అక్కడే ఆగిపోతుంది. కబీరు నిర్వహించే పాత్రను గమనించాలి. రామభక్తికీ ఇస్లాం వాతావరణానికీ నడుమ నిలిచి, రెంటినీ కలిపే సాధువు అతడు. గోల్కొండ చరిత్రలో ఆ స్థానానికి దగ్గరగా ఉన్నవాడు షా రాజు. అఖిల భారత ఖ్యాతి గల కబీరు తెరమీదికి రాగా, నగరానికి చెందిన గురువు కథకు వెలుపలే ఉండిపోయాడు. మతసామరస్యం అనే భావం నిలిచింది కాని, అది ఈ నేలమీదనే పుట్టిందన్న సాక్ష్యం మరుగున పడింది.

కథ విడిచిన రెండో అంశం రాజ్యవ్యవహారం. 1636 నుంచి గోల్కొండ మొగలులకు కప్పం చెల్లిస్తున్న రాజ్యం. అటువంటి రాజ్యంలో శిస్తు సొమ్ము దారి మళ్లడం భక్తికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. పైగా ఆ పాలనలో అత్యున్నత మంత్రి మాదన్న. గోపన్న అతడికి మేనల్లుడని సంప్రదాయం. బంధుత్వానికీ బాధ్యతకూ నడుమ మాదన్న, న్యాయానికీ అభిమానానికీ నడుమ సుల్తాను చిక్కుకున్న స్థితి గొప్ప నాటకీయ వస్తువు. మహిమ దానిని ఒక్క రాత్రిలో తేల్చివేస్తుంది. బాకీ తీరడంతో ప్రశ్న కూడా తీరిపోతుంది.

మూడో అంశం ముగింపు. 1686లో అక్కన్న మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో సుమారు ఎనిమిది నెలల ముట్టడి తరువాత గోల్కొండ ఔరంగజేబు వశమైంది. బంధించడానికి వచ్చినవారిని అబుల్ హసన్ ప్రశాంతంగా ఆదరించి, నిబ్బరంగా భోజనం ముగించాడని మొగలు పక్షపు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఆ తరువాత ఆయన దౌలతాబాదు కోటలో బందీగానే మరణించాడు. గోపన్నను చెరలో ఉంచినవాడు చివరికి తానే చెరపాలయ్యాడు. రామదాసు కథ భక్తుడి విముక్తితో సంపూర్ణమవుతుంది కాబట్టి ఈ ప్రతిబింబం దానిలోకి రాలేదు. వచ్చి ఉంటే తానీషా మహిమకు సాక్షిగా మిగలక, విషాద నాయకుడయ్యేవాడు.

భక్తికథ చరిత్ర కాదని తప్పుపట్టడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. శత్రువు కాగల పరమత ప్రభువును తెలుగు జనశ్రుతి దైవదర్శనార్హుడిని చేసింది. అది సామాన్యమైన ఔదార్యం కాదు. కాని ఆ ఔదార్యం ఒక మనిషిని ఒక రాత్రికి కుదించింది. హరిబౌలిలోని అక్కన్న మాదన్న మహంకాళి ఆలయం నుంచి బోనాల వేళ ఏనుగుపై ఘటం ఊరేగింపు బయలుదేరుతుంది. మంత్రుల పేరు ఇలా ఉత్సవంలో బతుకుతుండగా, వారిని నమ్మిన సుల్తాను పేరు తెలుగులో ప్రధానంగా రామదాసు కథ ద్వారానే బతుకుతున్నది. ఆ కథను మళ్లీ తెరకెక్కించేవారు పాత చిత్రాలతోపాటు పాతబస్తీని కూడా ఆధారంగా స్వీకరిస్తే, తానీషా పాత్రకు దక్కవలసిన సంపూర్ణత దక్కుతుంది.