కల్యాణి ఒకటే, పాడే మనిషి వేరు

"భావం పెట్టి పాడమ్మా" అని పిల్లలకు చెబుతుంటారు. అంతకంటే పనికిరాని సలహా ఇంకోటి ఉండదేమో. కూర దించేముందు ఉప్పు చల్లినట్టు చివర్లో కలిపేది కాదు భావం. ఆ మాట విన్న పిల్ల ఏం చేస్తుంది? కనుబొమలు ముడుస్తుంది, చెయ్యి గాల్లో తిప్పుతుంది. టీవీ పోటీల్లో దానికి చప్పట్లు కూడా పడతాయి. పాట మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ మాట ఎవరు అంటున్నారు, ఎవరితో, ఏ స్థితిలో? నోరు తెరవకముందే పిల్లల మనసులో ఇది తేలిపోవాలి. ఇందుకు త్యాగరాజస్వామి (1767–1847) రాసిన గేయనాటకం 'ప్రహ్లాద భక్తి విజయం' కంటే మంచి పాఠం లేదు. అందులోని పాటలు ఎప్పుడో కచేరీల్లోకి వచ్చేశాయి, పాత్రలు నాటకంలోనే ఉండిపోయాయి. 'వాసుదేవయని' కల్యాణి రాగం. నాటకంలో అది ద్వారపాలకుడి ప్రవేశం. స్వామి నామం పలుకుతూ హుషారుగా నడిచి వచ్చే మనిషి పాట. 'వచ్చును హరి' కూడా కల్యాణే. అక్కడ మాట్లాడే మనిషి వేరు. హరి చూడటానికి వస్తాడని నమ్మకంగా చెప్పే గొంతు అది. రెండూ నేర్చుకున్న విద్యార్థిని తేడా ఏమిటని అడగండి. సంగతుల్లో తేడా గడగడా చెబుతాడు. మనుషుల్లో తేడా చెప్పమంటే తెల్లమొహం వేస్తాడు.

ఇక ప్రహ్లాదుడు 'ఏటి జన్మమిది' దగ్గరికి వచ్చేసరికి కుంగిపోతాడు. అది వరాళి. గురువు ఆ రాగాన్ని శిష్యుడికి నేరుగా నేర్పకూడదని ఒక నమ్మకం ఉంది. పోనీ, కథ చెప్పడానికైతే ఏ అడ్డూ లేదుగా!

కథ తెలిశాక పల్లవిని రాగం, తాళం లేకుండా మామూలు మాటగా చెప్పించాలి. ఎదురుగా ఉన్న మనిషితో అన్నట్టు. అప్పుడు మాట ఎక్కడ విరగాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గురువు గుర్తుపెట్టి ఇవ్వక్కర్లేదు. సాహిత్యాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని నేర్చుకునే అమెరికా తెలుగు పిల్లలకు ఇది మరీ అవసరం. ఆ అక్షరాల్లో దీర్ఘం పోతే మాట పోతుంది, మాటతోపాటు ప్రహ్లాదుడూ పోతాడు.

సంగతులదీ అదే దారి. ఖరహరప్రియలో 'చక్కని రాజమార్గము' మనసుతో మాట్లాడే కీర్తన. రాజబాట ఉండగా సందులు దూరడమెందుకని ప్రశ్న. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి ఒకసారి నెమ్మదిగా అడగొచ్చు, ఇంకోసారి నిలదీయొచ్చు, బతిమాలనూ వచ్చు. ఏ సంగతికి ఏ ధోరణో పిల్లలనే తేల్చుకోనివ్వండి. ఒకటో సంగతి, రెండో సంగతి అని లెక్కపెట్టి నేర్చుకున్నవాళ్లు పాడేటప్పుడు కూడా లెక్కే పెడతారు.

ఇక మౌనంగా పాడటం. తంబురా శ్రుతి పెట్టుకుని, కళ్లు మూసుకుని, చేత్తో తాళం వేస్తూ కీర్తనంతా లోపలే పాడాలి. గొంతుకు అలవాటైపోయి మనసుకు అందని చోట్లు ఇక్కడ బయటపడతాయి. గమకం మసకబారిన చోట ఆగి, పైకి పాడి సరిచేసుకుని, మళ్లీ లోపలికి వెళ్లాలి. ఇలా చేయడం పాడినంత పనే, గొంతుకు మాత్రం శ్రమ ఉండదు.

వేదికమీద భయం ముందుగా కాలప్రమాణం మీదే పడుతుంది, పాట పరుగందుకుంటుంది. అందుకే మొదలుపెట్టేముందు చరణంలో మాటలు బాగా కిక్కిరిసిన పాదాన్ని మనసులో ఒకసారి అనుకోవాలి. అది ఏ నడకలో హాయిగా పలుకుతుందో పల్లవికీ అదే నడక.

క్షేత్రయ్య పదాలు నేర్పే విషయంలో మాత్రం తొందర వద్దు. వాటిని మద్రాసులో వీణ ధనమ్మాళ్ మనవరాళ్లు బృంద, ముక్త ఎంత నిదానంగా, ఎంత నిండుగా పాడారో విన్నవాళ్లకు తెలుసు. ఆ పదాల్లో మువ్వగోపాలుడి మీద అలిగిన నాయిక మనసు పన్నెండేళ్ల పిల్లకు కథగా చెప్పినా అందదు. ఆ వయసుకు ప్రహ్లాదుడి పాటలు కావలసినన్ని ఉన్నాయి.