డ్యూటీ చార్టు చేతిలో ఉన్న మనిషి

మా ముత్యంపేట దిక్కు ఆడపిల్లకు నెలలు నిండుతున్నయంటే తల్లిగారింట్లో ముందు తెమిలేది ముహూర్తం ముచ్చటే. దుబాయిలో ఉన్న అల్లుడు ఫోన్లోనే నక్షత్రం అడుగుతాడు, తల్లి అయ్యగారి దగ్గరికి పోతుంది, పెద్ద ఆపరేషన్ తేదీ ఖాయమైపోతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. దేశం మొత్తం మీద 21.5 శాతం. కరీంనగర్ జిల్లాలోనైతే 80 దాటింది.

ఇందులో నర్సు చేయగలిగేదేముంది? వార్డులో పనిచేసినదాన్ని కాబట్టి చెప్తున్నా. డాక్టరు రౌండుకొచ్చి చూసి పోతారు. పొద్దంతా, రాత్రంతా నొప్పుల మనిషి పక్కన ఉండేది సిస్టరే. బిడ్డ గుండె చప్పుడు వినేదీ, కాన్పు సాగే తీరు నమోదు చేసే పార్టోగ్రాఫ్ మీద చుక్కలు పెట్టేదీ ఆమే. ఇంకో రెండు గంటలు ఆగవచ్చని అందరికన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. తెలిసినా, ఆ మాట చెల్లేది కాదు.

చెల్లితే ఎట్లుంటుందో చూసే ప్రయత్నం మన పక్కనే జరిగింది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యూనిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. వాటి ప్రకారం సాఫీగా సాగే కాన్పును మిడ్‌వైఫే నడిపిస్తుంది, చిక్కొస్తే డాక్టరును పిలుస్తుంది. ఎప్పుడు పిలవాలో గుర్తుపట్టడమే ఆ చదువులో కష్టమైన పాఠం.

2023లో రాష్ట్రంలో స్టాఫ్ నర్సుల హోదా పేరు నర్సింగ్ ఆఫీసర్‌గా మారింది. సంతోషమే, ఎప్పుడో కావాల్సింది. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మంది కొత్త నర్సులు నియామక పత్రాలు అందుకున్నారు. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో మెడికల్ కాలేజీలు తెరుచుకున్నాయి. మంచాలు పెరిగాయి, పిల్ల సిస్టర్లు వచ్చారు. వాళ్లకు పని నేర్పాల్సింది, ఎవరిని ఎక్కడ వేయాలో డ్యూటీ చార్టులో రాయాల్సింది హెడ్ నర్సే. పైవాళ్లు దాన్ని గుమాస్తా పని అనుకుంటారు గానీ, నా లెక్కలో ఆసుపత్రి నడిచేది ఆ చార్టు మీదే. మనుషులు తక్కువున్నారని మిడ్‌వైఫ్‌ను తెచ్చి ఓపీలో ఇంజెక్షన్లకు కూర్చోబెడితే, ఆ 18 నెలలు గోదాట్లో కలిసినట్టే. అట్లా వేయనని సూపరింటెండెంటు ముందు నిలబడి చెప్పే హెడ్ నర్సు కావాలి. చెప్పినందుకు ఆమెకు మెమో రాకూడదు.

ముహూర్తం సంగతి తొమ్మిదో నెలలో తేల్చలేం. ఐదో నెల చెకప్‌కు వచ్చినప్పుడే గర్భిణినీ ఆమె తల్లినీ, వీలైతే అత్తగారినీ కూర్చోబెట్టి నొప్పుల గురించి, కుట్ల గురించి, ఆపరేషన్ తరువాతి నెలల గురించి మాట్లాడాలి. దానికి గంట పడుతుంది. ఆ గంటను ఒక సిస్టర్ పేరు మీద చార్టులో రాసిపెట్టాలి.