పులికో థ్రెడ్, మేకకో థ్రెడ్

పులి-మేక ఆటను కంప్యూటర్ తనతో తానే ఆడుకునేలా జావాలో రాసేవాళ్ల పనితనమంటే నాకెంతో ఇష్టం. 3 పులులకు ఒక థ్రెడ్, 15 మేకలకు ఇంకొకటి. రెండింటికీ పటం ఒక్కటే. పులి ఎత్తు వేస్తుండగా మేక పటాన్ని ముట్టకూడదు, అందుకే లాక్. వంతు రాని థ్రెడ్ ఊరికే లూప్‌లో తిరుగుతూ ప్రాసెసర్‌ను అలసగొట్టదు; లాక్ వదిలేసి వెయిట్‌లో నిద్రపోతుంది. ఎత్తు వేసిన థ్రెడ్ వంతు మార్చి, నోటిఫైతో దాన్ని లేపుతుంది. అసలు నేర్పంతా ఆ తర్వాతే. జావాలో ఎవరూ లేపకుండానే మెలకువ రావచ్చు. అందుకని వెయిట్‌ను ఇఫ్‌లో కాక వైల్‌లో పెడతారు. లేచిన థ్రెడ్ ‘వంతు నాదేనా?’ అని మళ్లీ చూసుకున్నాకే పావు కదుపుతుంది. ఎంత మర్యాద! ఆట అయిపోయాక కూడా నిద్రలో ఉన్నదాన్ని లేపి ఆ సంగతి చెప్పాలి, లేదంటే ప్రోగ్రామ్ ముగియదు. ఎత్తుల లెక్కంతా తెరను గీసే థ్రెడ్‌కు దూరంగా సాగుతుంది కనుక తెర బిగుసుకుపోదు. పులి ఎంతసేపు ఆలోచించినా, చూసేవాళ్లు విండోను జరుపుకోవచ్చు, ఆటను ఆపుకోవచ్చు, మేకలు పులిని కదలకుండా ఎలా కట్టేస్తున్నాయో తీరిగ్గా చూడొచ్చు.