గదులా, గృహములా?

కట్టడములను విమర్శించువారు సాధారణముగా ముఖద్వారముతో నారంభింతురు. పేదల నివాసములను విమర్శించునపుడు వంటచోటుతోను, మరుగుదొడ్డితోను ఆరంభించుట న్యాయమని మా యభిప్రాయము. బొంబాయిలోని బి.డి.డి. చాళ్లను ఈ దృష్టితోనే పరీక్షింతము. చాల్ అనగా వరుసగదుల అద్దెకట్టడము.

గవర్నరు సర్ జార్జి లాయిడు కాలమున, 1920లో, బొంబాయి అభివృద్ధిశాఖ యేర్పడినది. శ్రామికులకై 50,000 గదులు కట్టవలెనని దాని సంకల్పము. కట్టినవి రమారమి 16,000 మాత్రమే. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డున 32, శివడీలో 12, వెరసి 207 కట్టడములు. సంకల్పవాక్యమందే లోపమున్నది: లెక్కించినది గదులనేకాని గృహములను గాదు.

ప్రతి కట్టడమునకు నాలుగంతస్తులు. అంతస్తునకు ఇరువది గదులు. గది వైశాల్యము 160 చదరపుటడుగులు. వంట, నిద్ర, పురుడు, రోగము అన్నియు అందులోనే. మరుగుదొడ్లు అంతస్తువారందరకు ఉమ్మడివి. పాత చాళ్లు పెక్కింటిలో గదుల ముందు గాలివెలుతురులుగల వసారా యుండెడిది. ఇచట నడవను రెండు గదులవరుసల నడుమ నిమిడ్చిరి. ఒకే త్రోవ రెండు వరుసలకు సరిపోయెను, ఖర్చు తగ్గెను, వెలుగును తగ్గెను. కాంక్రీటు గట్టిదే. నూరేండ్లు నిలుచుట యొక గుణమే; కాని అంతకాలము కుటుంబములను ఇరుకున నుంచుటయు దాని ఫలమే.

ఆ నడవలోనే పిల్లలు ఆడుకొనిరి, ఇరుగుపొరుగులు కష్టసుఖములు పంచుకొనిరి. మిల్లుపనులకై వలసపోయిన మన తెలుగువారును బొంబాయి చాళ్లలో తరములు గడపిరి. ఇది చూచి కొందరు రసికులు చాల్ జీవనమును కొనియాడుచుందురు. ఆ సౌహార్దము నివాసుల గుణము; కట్టడమునకు దానిని ఆరోపించుట తగదు. తెల్లవారుజామున చెంబుపట్టుకొని వరుసలో నిలిచిన ఆడుబిడ్డ నడిగిన పిమ్మట ఆ రసికులు తీర్పు చెప్పవలెను.

2025 ఆగస్టులో వర్లీయందు తొలుత 556 కుటుంబములకు నూతనసౌధములలో 500 చదరపుటడుగుల యిండ్లు లభించినవి. దీనిని దయాదానమని పిలువరాదు. ఇది నూరేండ్లు జాగుచేసి తీర్చిన ఋణము. అయితే ఎత్తైన మేడలలో తలుపులు మూసికొన్న కుటుంబములు ఒకరికొకరు పరాయివారు కాకుండుటకు అంతస్తుకొక వెలుతురుగల కూడలి యుండవలదా? స్త్రీకి మరుగును, పొరుగునకు చోటును ఒకే పటమున గీయనేర్చిన శిల్పినే మేము ప్రజాశిల్పి యందుము.