నోట్‌బుక్ కంప్యూటరుకు దృశాతంతువు అవసరమా?

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకము 2017 డిసెంబరులో ప్రారంభమైనది. విద్యుత్ స్తంభముల మీదుగానే దృశాతంతువులు పల్లెలకు సాగినవి. వానితోపాటు ఒక అపోహయు సాగినది. ఇంటి వరకు వచ్చిన తంతువును తిన్నగా నోట్‌బుక్ కంప్యూటరులోనికే చేర్చినచో వేగము ఇంకను హెచ్చునట. అందుకొక దృశాతంతు నెట్‌వర్క్ కార్డు అమర్చిన చాలునట! పెదవేగి వంటి ఊరి ఉన్నత పాఠశాల తనకున్న కొద్దిపాటి సొమ్మును దీనికై వెచ్చింపబూనిన, అది పరిశీలింపదగిన విషయమే.

రాగిలో విద్యుత్సంకేతము కంటె గాజులో కాంతి చాల వేగముగా పోవునన్న నమ్మకమే ఈ అపోహకు మూలము. గాజు వక్రీభవన గుణకము సుమారు 1.5. కావున శూన్యములో సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవు కాంతి గాజులో 2 లక్షలే పోవును. మంచి రాగి కేబులులో సంకేతమును ఇంచుమించు అంతే పోవును. దృశాతంతువు గొప్పతనము వేరొకటి: సంకేతము త్వరగా క్షీణింపదు, ఒక్క పోగులోనే అపారమైన సమాచారము పట్టును. కాంతి నష్టము గాజు స్వభావము కాదనియు, అందలి మాలిన్యముల ఫలమే యనియు 1966లో చార్లెస్ కావో, జార్జి హాకమ్ వాదించిరి. నేటి మేలైన తంతువులో పదిహేను కిలోమీటర్లు పోయినను సగము కాంతి మిగులును. ఏలూరు నుండి పెదవేగికి అంత దూరము లేదు. అతుకుల వద్ద కలుగు నష్టము మాత్రము వేరు.

ఇంటికి వచ్చు తంతువు సాధారణముగా ఆ ఇంటికే చెందినది కాదు. ఒక్క తంతువులోని కాంతి ముప్పది, అరువది ఇండ్లకు చీలి వచ్చును. గోడకు తగిలించిన పెట్టె తన వంతు సమాచారమును ఏరుకొని, తనకు కేటాయించిన క్షణములోనే బదులు పలుకును. మామూలు దృశాతంతు కార్డుకు ఈ వరుస తెలియదు. తంతువును దానికి తగిలించినను ఇంటర్నెట్టు రాదు సరికదా, వేళగాని వేళ అది వెలువరించు కాంతి ఇరుగుపొరుగు ఇండ్ల సంకేతములనుకూడ చెరుపవచ్చును.

వరుస తెలిసిన పరికరమే దొరికినదనుకొన్నను లాభమెంత? బుడమేరు, తమ్మిలేరు ఎంత వరద తెచ్చినను కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండనే సముద్రము చేరవలెను. ఏటిని వెడల్పు చేసిన ఉప్పుటేరు వెడల్పగునా? చందా వేగము సెకనుకు 15 మెగాబిట్లైనప్పుడు, 1,000 మెగాబిట్లు మోయు రాగి కేబులును తీసివేసి గాజు పెట్టుట అటువంటిదే.

అమరికయు తేలిక కాదు. కార్డు దూర్చుటకు పాత నోట్‌బుక్కులకు ప్రక్కన ఉండిన గాడి నేటివానిలో దాదాపు కనుమరుగైనది. థండర్‌బోల్ట్ వంటి ద్వారమునకు బయటి పెట్టె తగిలింపవలెను. కాంతి నడచు నడిమి భాగము 9 మైక్రోమీటర్లే గనుక ఒక్క ధూళికణము దారి మూయగలదు. పనిచేయుచున్న తంతువు కొనలోనికి విద్యార్థులు తొంగిచూడరాదు. అందలి పరారుణ కాంతి కంటికి కనబడదు, కాని కంటికి హాని చేయగలదు.

పాఠశాలలో రెండు భవనముల నడుమ దూరము 100 మీటర్లు మించినచో మాట వేరు. ఈథర్‌నెట్టులో రాగి కేబులుకు అదియే హద్దు. పైగా గాజు విద్యుద్వాహకము కాదు. లోహపు తీగ కలియని కేబులు వేసినచో, ఒక భవనముపై పడిన పిడుగు దాని వెంట రెండవ భవనములోని యంత్రములను చేరజాలదు. అక్కడనైనను తంతువు ఆగవలసినది గోడవద్ద స్విచ్చులోనే. అటనుండి నోట్‌బుక్కుకు రాగి కేబులు చాలును.