రాయికి పీట

ఊరందరికీ పీటలు చెక్కిన చేతికి తన రాయికి పీట చెక్కుకునే తీరిక ఈ పూట దొరికింది. కరెంటు పోయింది. రంపం మిషన్ నోరు మూసుకుంది. మడకశిర కొండ మీది కోటగోడ ఎండకు వెలవెలబోతోంది. కొట్టంలో వినబడేదల్లా ఉలి తల మీద కొడతి దెబ్బ.

రాయీ, ఇన్నాళ్లూ ఎక్కడ కూర్చున్నావు? తడిగోనె మీద. గడప మీద. కాలి బొటనవేలే నీకు అడ్డుగోడ. ఉలి ముందుకు సాగితే నువ్వూ వెంట జరిగావు. వాలు పట్టి ఉంచాల్సిన మణికట్టు నిన్ను ఆపడంలోనే అలిసింది. వాలు చెడిన ఉలి చెక్కదు, పీకుతుంది.

ఎనిమిది అంగుళాల పొడవు, రెండు వెడల్పు, ఒకటి మందం. ఒక మొహం గరుకు, ఒక మొహం నునుపు. నిన్ను ఏ కొండా కనలేదు. 1891లో అమెరికాలో ఎడ్వర్డ్ అచెసన్ బంకమట్టినీ బొగ్గుపొడినీ కలిపి కరెంటుతో కాలిస్తే కళ్లు తెరిచిన మెరుపుగింజల వంశం నీది. ఆయన పెట్టిన కార్బోరండం అన్న పేరే నీ ఇంటిపేరు. గట్టిదనంలో వజ్రానికి 10 వేస్తే నీకు 9 దాటుతుంది. తొలకరి పడగానే వజ్రకరూరు చేలల్లో జనం నడుములు వంచి వెతికేది మీ అన్ననే. ఆయన దొరికితే బతుకు మారుతుంది. నువ్వు ఇనుప సామాన్ల కొట్లో కాగితం చుట్టుకుని దొరుకుతావు, అదే మాకు మేలు. ఇక్కడ నువ్వు సానరాయివి. శిరా రోడ్డు పట్టుకుని కర్ణాటక ఎల్ల దాటితే సాణెకల్లువి. రాయి కల్లయింది గానీ సాన సానే.

ఇక కొయ్య. మడక అంటే ఈ సీమలో నాగలి. ఊరి పేరు పలికితేనే వినబడుతుంది. ట్రాక్టర్లొచ్చాక అటకెక్కిన పాత మడకదుంప, నల్లతుమ్మది, దాన్నే దించాం. చింతకేం కొదవ? హిందూపురం మార్కెట్టంతా పులుపు. కానీ చింతచేవ మాంసం కొట్టు మొద్దుకే పోనీ, దాని తెల్లచెక్కకు పురుగు భయం. ఏళ్లతరబడి నేలను చీల్చిన తుమ్మ ఇకనైనా కూర్చోనీ.

కూర్చుంటుందా! చేవదేలిన తుమ్మ నాలుగు దెబ్బలకే ఉలి పదును మింగేస్తుంది. మొండిబడ్డ ఉలిని నూరాలి. దేని మీద? ఇంకా పీట లేని ఆ రాయి మీదే. నూరి చెక్కడం, చెక్కి నూరడం. తన ఆసనం తానే సంపాదించుకునే రాయివి నువ్వు, ఇంత స్వాభిమానం ఏ దేవుడి విగ్రహంలో చూశాం?

ఒక కొసన వేలెడు ఖాళీ వదిలి రాయి చుట్టూ గీత గీయాలి. ఆ గీత దాటకూడదు, లోపలే ఆగాలి. లోతు అర అంగుళం: సగం రాయి కొయ్యలో, సగం గాలిలో. గుంట అడుగు ఒక్క చోట ఉబ్బినా రాయి ఊగుతుంది. కొసన వదిలిన ఖాళీలో చీల దిగ్గొట్టాలి. చీల బిగిస్తే రాయి ఉలకదు, లాగితే బోర్లించుకుని రెండో మొహం వాడుకోవచ్చు. పీట కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు, బల్ల మీద జారకుండా. శనక్కాయ నూనె మాత్రం వద్దు. మన జిల్లాలో ప్రతి వంటింట్లో ఉండేది అదేననుకో, కానీ నాలుగు రోజులకు జిగటై రాయి కళ్లు మూసేస్తుంది. రెండు చుక్కలు కిరసనాయిలు చాలు.

పీటా, నీకు గిరాకీ లేదు. నిన్ను కొనేవాడు రాడు, బేరమాడేవాడు లేడు, నిన్ను చూసి బాగుందనే ఇల్లాలు లేదు. ద్వారబంధం మీద లతలు తిప్పిన ఉలికి పేరొస్తుంది, దాని వెనక రాయి ఉందని ఒకరిద్దరికి తెలుసు, రాయి కింద నువ్వున్నావని ఎవరికీ తెలియదు. ఆ లత తీగ తెగకుండా మలుపు తిరిగిందంటే నువ్వు కదలలేదన్నమాట.

కరెంటొచ్చింది. మిషన్ మళ్లీ అరుస్తోంది. నీ గుంటలో రాయి బిగిసింది, దాని మీద ఉలి వాలింది, నల్లటి తడి అంచుకు చేరుతోంది. కదలకు పీటా. తలుపులు రేపు పొద్దునకల్లా ఇవ్వాలి.