డొరతీ కేరీ కథను మనము చెప్పే తీరు: కాపరి కుటుంబ జీవితముపై ఒక విమర్శనాత్మక పరిశీలన

విలియం కేరీ జీవితము మన కాపరుల కూడికలలోను, వేదాంత కళాశాలల ఆరాధనలలోను తరచుగా వినిపిస్తుంది. చెప్పులు కుట్టిన చేతులు, 1792లో కెట్టరింగ్‌లో మిషన్ సంఘ స్థాపన, 1801లో బెంగాలీ క్రొత్త నిబంధన మనకు కంఠస్థమే. తెలుగువారముగా మనము ఆయనకు మరింత ఋణపడి ఉన్నాము. ఆయన రచించిన తెలుగు వ్యాకరణము 1814లో, సీరాంపూరు తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడ్డాయి. అయితే ఆయన భార్య డొరతీ ప్రస్తావన మన ప్రసంగాలలో ఒక్క మాటతో ముగుస్తుంది: భార్యకు మతి చలించినా ఆయన సేవ ఆపలేదు. ఈ మాట విన్న యువ కాపరి తన యింటి గురించి ఏమి నేర్చుకొంటాడు? ఈ వ్యాసములో మేము పరిశీలించేది కేరీ గొప్పతనమును కాదు, ఆ కథను మనము ఉపయోగించే పద్ధతిని.

చరిత్ర చెప్పేది

కేరీ, డొరతీల వివాహము 1781లో జరిగింది. ఆమె చదువుకోలేదు, వివాహపు రిజిస్టరులో గుర్తు మాత్రమే వేసింది. ఇంగ్లండులో ఉండగానే ఇద్దరు కుమార్తెలను పసితనములో పాతిపెట్టింది. 1793 జనవరిలో కేరీ ఇండియాకు వెళ్ళుటకు తనను అప్పగించుకొన్నప్పుడు ఆమెతో ముందుగా ఆలోచన చేయలేదు. అప్పుడామె గర్భవతి. రానని చెప్పింది. పెద్ద కుమారుడు ఫెలిక్స్‌ను మాత్రము తీసుకొని కేరీ బయలుదేరాడు. ఓడ ప్రయాణము ఆలస్యమైనందున ఆయన, జాన్ థామస్ తిరిగి వచ్చి ఆమెను మరల అడిగారు. రాకపోతే కుటుంబము శాశ్వతముగా చెదిరిపోతుందని, జీవితమంతా పశ్చాత్తాపపడుతుందని థామస్ ఆమెను హెచ్చరించాడు. చెల్లెలు కిట్టీ తోడు వస్తే వస్తానని ఒప్పుకొని, కొన్ని వారాల పసిబిడ్డతో ఆమె ఓడ ఎక్కింది.

వారు 1793 నవంబరులో బెంగాలు చేరారు. డబ్బు లేదు, స్థిరమైన నివాసము లేదు, రక్తవిరేచనాలు కుటుంబమును బాధించాయి. కిట్టీ వివాహము చేసుకొని వేరైపోయింది. 1794లో ముద్నాబాటిలో ఐదేళ్ళ పీటర్ మరణించాడు. ఆ తరువాత డొరతీ మానసిక వ్యాధికి లోనై, భర్తపై నిరాధారమైన అనుమానాలతో సుమారు పన్నెండేళ్ళు బాధపడి, 1807 డిసెంబరులో సీరాంపూరులో మరణించింది.

రెండు తప్పు చదువులు

మొదటిది పాత జీవితచరిత్రల తీరు. 1885లో కేరీ జీవితమును వ్రాసిన జార్జి స్మిత్, డొరతీని భర్త కార్యముపట్ల సానుభూతి లేని భార్యగానే చూశాడు. ఈ చదువులో ఆమె మనిషి కాదు, దైవజనుని సహనమును చూపుటకు ఒక సాధనము మాత్రమే. 1992లో జేమ్స్ బెక్ ఆమెపైనే ఒక గ్రంథము వ్రాసే వరకు ఆమె దుఃఖమునకు దుఃఖముగా చోటు దొరకలేదు.

రెండవది నేటి తీరు: కేరీని భార్యను నిర్లక్ష్యము చేసిన భర్తగా తీర్చి వదిలివేయుట. ఇదియు న్యాయము కాదు. ఆయన ఆమెను విడిచిపెట్టలేదు, తన యింటనే ఉంచుకొన్నాడు. ఆ కాలములో మానసిక వ్యాధికి తగిన చికిత్స లేదు. వ్యాధికి ఒకే కారణము చెప్పుట మన పని కాదు. పైగా, ఆయనను పంపిన సంఘము ఆమె మాట వినకుండానే తీర్మానించింది. ఆ బాధ్యత ఒక్క భర్తది కాదు.

వాక్యపు వెలుగులో

లూకా 14:26ను, 18:29ను చూపి, కుటుంబమును విడుచుట పిలుపులో భాగమని బోధించేవారున్నారు. కాని లూకా 18:28లో సమస్తమును విడిచామని చెప్పినవాడు పేతురే. అదే పేతురు భార్యను వెంటబెట్టుకొని తిరిగినట్లు 1 కొరింథీయులకు 9:5 సాక్ష్యమిస్తుంది. కాబట్టి ఆ విడుచుట అంటే భార్యను వదిలివేయుట కాదని పేతురు జీవితమే వ్యాఖ్యానిస్తుంది.

1 కొరింథీయులకు 7:5 మరింత సూటిగా ఉంది. ప్రార్థన కొరకు కొంతకాలము ఎడబాటుకు కూడా ఉభయుల సమ్మతి కావాలని పౌలు అంటాడు. ప్రార్థనకే సమ్మతి అవసరమైతే, సముద్రము దాటుటకు అవసరము లేదా? భయపెట్టి తీసుకొన్న ఒప్పుకోలును పౌలు చెప్పిన సమ్మతి అనలేము.

ఇక 1 తిమోతి 3:4-5. మన తెలుగు బైబిలులో ఇక్కడ 'ఏలుట', 'పాలించుట' అనే మాటలున్నాయి. వినగానే మనకు అధికారము స్ఫురిస్తుంది. అయితే ఐదవ వచనములో సంఘము విషయమై పౌలు వాడిన గ్రీకు క్రియ 'ఎపిమెలెయోమై'. క్రొత్త నిబంధనలో ఇది ఇక్కడ కాక మరొక్క చోటనే ఉంది: లూకా 10:34-35లో మంచి సమరయుడు గాయపడినవానిని పరామర్శించిన సందర్భములో. అంటే యింటిని ఏలుట అనగా గాయములు కట్టుట. కాపరి అర్హతను ఇంట్లో ఎంత అణకువ ఉందో చూసి కాక, ఇంట్లో గాయపడినవారికి ఎంత పరామర్శ దొరుకుతుందో చూసి కొలవాలి.

ఈ కొలత పెడితే సీరాంపూరులో మనకు కనిపించేది గమనార్హము. కేరీ కుమారులు అదుపు లేక పెరుగుతుండగా వారిని చేరదీసినది హన్నా మార్ష్‌మన్, విలియం వార్డ్. ఒక యింటిలోని లోటును సహవాసము కొంత పూడ్చింది. కాపరి కుటుంబమును కాయుట సంఘము పని కూడాననుటకు ఇది ఉదాహరణ.

ఒక అభ్యంతరము

కేరీ వెళ్ళకపోతే బెంగాలీ బైబిలు, తెలుగు క్రొత్త నిబంధన వచ్చేవా అని అడగవచ్చు. ఆదికాండము 50:20లో యోసేపు సహోదరుల కీడును దేవుడు మేలుగా మార్చాడు. అందుచేత ఆ కీడు మేలైపోలేదు. ఫలము దేవుని కృపకు సాక్ష్యమే గాని, మార్గమంతటికీ ఆమోదముద్ర కాదు.

మన సంఘాలకు

మన యిండ్లలో డొరతీలు లేరని అనుకోలేము. బదిలీ అయిన ప్రతిసారీ పిల్లల బడి మారుతుంది. పాస్టరమ్మగారు జీతము లేని సేవకురాలు. స్త్రీల కూడిక, ఆదివారపు బడి, వచ్చినవారికి భోజనము, అన్నీ ఆమెవే. ఆమె బాధ చెప్పుకొనుటకు కాపరి లేడు, ఎందుకంటే ఆమె కాపరి ఆమె భర్తే. అలసిపోయానని చెబితే విశ్వాసము చాలదంటాము.

కాబట్టి మేము కొన్ని సంగతులను ప్రతిపాదిస్తున్నాము. నియామకమునకు, బదిలీకి ముందు సంఘ పెద్దలు భార్యను వేరుగా, ఒత్తిడి లేకుండా అడగాలి. ఆమె 'వద్దు' అంటే దానిని కూడా దేవుని చిత్తమును వివేచించుటలో లెక్కించాలి. ప్రతి కాపరి కుటుంబమునకు తమ సంఘమునకు వెలుపల ఒక ఆత్మీయ సలహాదారుని ఏర్పాటు చేయాలి. మానసిక వ్యాధి కనబడితే ప్రార్థనతో పాటు వైద్యుని యొద్దకు పంపాలి. వేదాంత కళాశాలలలో మిషన్ చరిత్ర బోధించేటప్పుడు, వెళ్ళినవారితో పాటు వెంట తీసుకొనిపోబడినవారి చరిత్రను కూడా బోధించాలి.

కేరీ తెలుగువారికి వాక్యమును అచ్చు వేయించి యిచ్చాడు. ఆ వాక్యము చేతనే ఆయన యింటిని, మన యిండ్లను పరీక్షించుకొనుట ఆయనకు అగౌరవము కాదు.